పాత బట్టల మూటలో కొత్త మోజు

పాతబస్తీ బజార్లు చెప్పే వ్యాపార పాఠం

హైదరాబాద్: ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్నారు పెద్దలు. హైదరాబాద్ పాతబస్తీకి ఈ సామెత సగమే వర్తిస్తుంది. ఇక్కడ పాత బట్ట రోత కాదు, ఎన్నో కుటుంబాలకు పొట్టకూడు. ఒకరి ఇంట్లో మోజు తీరి మూలన పడ్డ చొక్కా మరొకరి ఇంట్లో పండుగ బట్ట అవుతుంది. ఈ రెండిళ్ల మధ్య నడిచేవాడే పాత బట్టల వ్యాపారి. ఆ నడకలోనే అతని లాభం ఉంది. అడుగు తప్పితే అతని దివాలా కూడా అందులోనే ఉంది.

మన జిల్లా ఊళ్లకు ఈ వ్యాపారం కొత్తేమీ కాదు. వారపు అంగడిలో నేల మీద దుప్పటి పరచి, పాత చొక్కాలు, ప్యాంట్లు, చీరలు కుప్పగా పోసి అమ్మేవారు మనకు తెలిసినవారే. చేవెళ్ల నుంచి, షాద్‌నగర్ నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి పొద్దున బస్సెక్కితే పట్నంలో మూట కట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. వ్యవసాయ పనులు లేని రోజుల్లో నాలుగైదు వేలు అప్పు చేసి ఈ వ్యాపారంలో దిగుదామని చూసే యువకులున్నారు, మహిళలున్నారు.

వారందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే. ఏ సరుకు కొనాలి? ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్ చూసి కొనాలా? లేక ఏ కాలంలోనైనా నడిచే బట్ట కొనాలా? ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకున్నవారి సరుకు చివరికి చిందీ కింద కిలోల లెక్కన పోతుంది. అప్పు మాత్రం మిగిలిపోతుంది.

మూసీకి అటూ ఇటూ

మూసీ నది మీద 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపూల్ ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ వంతెన దాటి ఉత్తరానికి వస్తే ధూల్‌పేట, బేగంబజార్ పరిసరాల్లో జుమ్మెరాత్ బజార్ తగులుతుంది. జుమ్మెరాత్ అంటే ఉర్దూలో గురువారం. అంటే పేరులోనే అంగడి రోజు ఉందన్నమాట. పాత ఇనుము, పాత తలుపులు, గడియారాలు, గిన్నెలు, వాటితో పాటు పాత బట్టలు - ఇలా వాడిన వస్తువులకు ఇది పేరుపడ్డ చోటు.

నదికి దక్షిణాన చార్మినార్ వైపు వస్తే దృశ్యం మారిపోతుంది. మదీనా, పత్తర్‌గట్టి, రికాబ్‌గంజ్ కొత్త బట్టల వ్యాపారానికి పెట్టింది పేరు. లాడ్ బజార్ గాజులకూ, పెళ్లి బట్టలకూ ప్రసిద్ధి.

పాత బట్టల వ్యాపారంలో దిగేవారు ఈ రెండు ఒడ్లూ చూడాలి. దక్షిణపు ఒడ్డున కొత్తగా ఏది అమ్ముడవుతోందో గమనించాలి. ఉత్తరపు ఒడ్డున పాతగా ఏది దిగుతోందో గమనించాలి. ఒక ఒడ్డు మాత్రమే చూసి మూట కట్టినవారు మోసపోవడానికి ఎవరూ మోసం చేయనక్కర లేదు.

తండ్రి ఒక తీరు, కొడుకు ఒక తీరు

ఈ నగరంలో బట్టల మోజుకు రాజుల కాలం నుంచీ కథలున్నాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా 1869 నుంచి 1911 వరకు నిజాంగా ఉన్నారు. ఆయన ఒకసారి తొడిగిన బట్టను మళ్లీ తొడిగేవారు కాదని చెబుతారు. పురానీ హవేలీలో ఆయన బట్టలు పెట్టుకున్న అల్మరాల వరస రెండంతస్తులుగా సుమారు 176 అడుగుల పొడవున సాగుతుంది. నిజాం మ్యూజియంకు వెళ్లినవారు దాన్ని చూడవచ్చు.

ఆయన కుమారుడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తీరు దీనికి పూర్తిగా వేరు. 1937 ఫిబ్రవరిలో అమెరికాలోని ‘టైమ్’ పత్రిక ఆయనను ప్రపంచంలోకెల్లా ధనవంతుడంటూ ముఖచిత్రంగా వేసింది. అంతటి సంపన్నుడు నలిగిన షేర్వానీ, వెలిసిన టోపీతో ఏళ్ల తరబడి కాలం గడిపేవారని చెప్పుకుంటారు.

పాత బట్టల వ్యాపారానికి ఈ ఇద్దరూ కావాలి. తండ్రి లాంటివారు ఉంటేనే మంచి బట్ట చిరగకముందే బజారుకు వస్తుంది. కొడుకు లాంటివారు ఉంటేనే అది మళ్లీ అమ్ముడవుతుంది. మొదటివారి ఇళ్లు ఎక్కడున్నాయో, రెండోవారి ఇళ్లు ఎక్కడున్నాయో తెలిసి ఉండటమే వ్యాపార రహస్యం.

సరుకు వచ్చే దారులు

‘పాత బట్టలకు స్టీలు సామాన్లూ...’ అనే కేక వినని వీధి లేదు. నెత్తిన గిన్నెల గంప, భుజాన మూట పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మహిళలే ఈ వ్యాపారానికి మొదటి మెట్టు. గుజరాత్ మూలాలున్న వాఘ్రీ కుటుంబాలు దేశంలోని అనేక నగరాల్లో తరతరాలుగా ఈ పని చేస్తున్నాయి. ఇంటి ఇల్లాలు బీరువా ఖాళీ అయిందని సంతోషిస్తుంది, గిన్నె వచ్చిందని మరింత సంతోషిస్తుంది. మూట బజారుకు చేరుతుంది.

అక్కడ మూట విప్పి కుప్పలు వేస్తారు. ఉతికి ఇస్త్రీ చేస్తే అమ్ముడయ్యేవి ఒక కుప్ప. గుండీ, జిప్పు, కుట్టు బాగుచేస్తే పనికొచ్చేవి మరో కుప్ప. ఇక దేనికీ పనికిరానివి చిందీ. నూలు చిందీని మెకానిక్ షెడ్లలోనూ, అచ్చు యంత్రాల దగ్గరా నూనె తుడవడానికి వాడతారు. పాత ఉన్ని బట్టలను చీల్చి, మళ్లీ నూలు తీసి, చవక రగ్గులు నేయడంలో హర్యానాలోని పానిపట్ ఎన్నో ఏళ్లుగా పేరు తెచ్చుకుంది.

విదేశాల పాత బట్టల సంగతి వేరు. వాటిని లైసెన్సు లేకుండా మన దేశంలోకి దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు. గుజరాత్‌లో 1965లో ఏర్పడిన కాండ్లా ప్రత్యేక మండలంలోని కొన్ని పరిశ్రమలు ఇలాంటి బట్టలను తెప్పించి, ఏరి, మళ్లీ ఎగుమతి చేస్తాయి. కనుక ‘ఫారిన్ మాల్’ అంటూ బిల్లు లేకుండా మూసిన మూట అంటగట్టేవారి దగ్గర తొందరపడకూడదు. దొంగ సొత్తని తెలిసి కొనడం నేరమన్న సంగతి కూడా మరవకూడదు.

మూసిన మూట కొంటే ఏమవుతుందో ఆఫ్రికా దేశాలు చూపిస్తున్నాయి. కెన్యా, టాంజానియాలలో పాత బట్టలను ‘మితుంబా’ అంటారు. స్వాహిలి భాషలో మూటలని అర్థం. ఘనా రాజధాని అక్రాలోని కాంటామాంటో బజారుకు ఐరోపా నుంచి, అమెరికా నుంచి పెద్ద పెద్ద బేళ్లు వస్తాయి. చిల్లర వర్తకులు లోపల ఏముందో చూడకుండానే అప్పు చేసి వాటిని కొంటారు. మంచి బట్టలు పడితే నాలుగు డబ్బులు, చెత్త పడితే అప్పు. 2025 జనవరి 1 రాత్రి ఆ బజారు చాలా వరకు కాలిపోయింది. సరుకుతో పాటు ఎందరో చిరు వర్తకుల పెట్టుబడీ బూడిదైంది. మన దగ్గర మూట విప్పి, ఒక్కొక్కటీ ఏరుకుని కొనే వీలుంది. ఆ వీలును చేతులారా వదులుకోకూడదు.

సినిమా మోజు, దాని ఆయుష్షు

ఫ్యాషన్ సరుకు అంటే మన దగ్గర ఎక్కువగా సినిమా సరుకే. 1971లో ‘ప్రేమనగర్’ వచ్చిన రోజుల్లో వాణిశ్రీ కొప్పు, ఆమె చీరకట్టు ఊరూరా పాకాయి. 1973లో హిందీ ‘బాబీ’ వచ్చాక గుండ్రటి చుక్కల గుడ్డకు ‘బాబీ ప్రింట్’ అనే పేరే స్థిరపడింది. 1994లో ‘హమ్ ఆప్కే హై కౌన్’ చూసి మాధురీ దీక్షిత్ కట్టిన ఊదారంగు చీర కోసం ఎగబడ్డారు. 2005లో ‘బంటీ ఔర్ బబ్లీ’ తర్వాత కాలర్ ఉన్న పొట్టి కుర్తీలు ఆడపిల్లల ఒంటిమీద కనిపించాయి. ‘బాహుబలి’, ‘పుష్ప’ సినిమాల బొమ్మలతో సూరత్‌లో చీరలే అచ్చు వేశారు.

అయితే పాత బట్టల వ్యాపారికి ఇక్కడ ఒక చిక్కుంది. సినిమా వచ్చిన ఏడాది ఆ బట్ట పాతదిగా దొరకదు. కొన్నవారు ఇంకా మోజుగా కట్టుకుంటూనే ఉంటారు. దొరికే నాటికి పట్నంలో మోజు తీరి ఉంటుంది. మోజు తీరింది కాబట్టే అది మూటలోకి వచ్చింది!

పూర్వం ఈ ఆలస్యమే వ్యాపారికి వరమయ్యేది. పట్నంలో ఆడిన సినిమా ఊరి టూరింగ్ టాకీస్‌కు చేరడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేది. పట్నంలో వదిలేసిన షోకు సరిగ్గా ఊళ్లో మొదలయ్యే వేళకు పాత బట్టల మూట అంగడికి చేరేది. ఇప్పుడు ఆ ఎడం లేదు. పట్నం పిల్లవాడు ఫోన్‌లో చూసిన చొక్కానే ఊరి పిల్లవాడూ అదే సాయంత్రం చూస్తున్నాడు. ‘పట్నంలో పోయింది, ఊళ్లో నడుస్తుందిలే’ అనుకుని మూట కట్టే రోజులు పోయాయి.

మరి పాత మూటలో ఫ్యాషన్‌కు చోటు లేదా? ఉంది. ఎందుకంటే ఫ్యాషన్ చక్రంలా తిరుగుతుంది. 1970 దశకంలో నేల ఊడ్చే బెల్‌బాటమ్‌లు నడిచాయి. తర్వాత అవి పోయి సఫారీ సూట్లు వచ్చాయి. 1990 ప్రాంతంలో బ్యాగీ ప్యాంట్లు వదులుగా వచ్చాయి. ఆ తర్వాత కాలికి అతుక్కుపోయే జీన్స్ ఏళ్ల తరబడి రాజ్యమేలాయి. 2020 దాటాక మళ్లీ వదులు ప్యాంట్లు, వెడల్పు కాళ్ల జీన్స్ తిరిగి వచ్చాయి.

ఇక్కడే దర్జీలకు తెలిసిన ఒక చిన్న సూత్రం వ్యాపారికి పెద్ద అండ. వెడల్పు బట్టను ఇరుకు చేయవచ్చు, ఇరుకు బట్టను వెడల్పు చేయలేము. బెల్‌బాటమ్ మోజు పోయినప్పుడు కాళ్ల దగ్గర కోసి కుట్టి ఎన్నో ప్యాంట్లను బతికించారు. ఇరుకు జీన్స్ మోజు పోతే వాటిని బతికించే దర్జీ లేడు. కాబట్టి రెండు ప్యాంట్లు ఒకే ధరకు దొరికితే వెడల్పుదే కొనాలి. పొడుగు, పొట్టి విషయంలోనూ అంతే. లోపల మడత గుడ్డ మిగిలి ఉన్న బట్టకు రెండో జన్మ ఉంటుంది.

వంద చొక్కాల లెక్క

మోజు చూసి కొనడంలో ప్రమాదం ఎంతో చిన్న లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు మాత్రమే. ధరలు బజారును బట్టి, రోజును బట్టి మారుతుంటాయి.

ఒక్కోటి 30 రూపాయల చొప్పున 100 చొక్కాలు కొన్నామనుకుందాం. పెట్టుబడి 3,000. ఇంటికి తెచ్చి చూస్తే 15 చొక్కాలు పనికిరానివని తేలింది. మిగిలిన 85 చొక్కాల ఉతుకు, ఇస్త్రీ, గుండీలకు ఒక్కోదానికి 10 రూపాయల వంతున 850 అయింది. బస్సు ఖర్చులు 150. మొత్తం 4,000 రూపాయలు.

అంగట్లో మంచివి 50 చొక్కాలు 70 రూపాయల చొప్పున పోయాయి. చేతికి 3,500 వచ్చింది. గిరాకీ బాగుందని మనసు పొంగుతుంది. కానీ ఇంకా పెట్టుబడే తిరిగి రాలేదు! తర్వాత 20 చొక్కాలు 50 చొప్పున పోతే 1,000. చివరి 15 చొక్కాలు 30 చొప్పున పోతే 450. మొత్తం 4,950. అంటే లాభం 950 రూపాయలు.

ఇప్పుడు చూడండి, ఆ లాభం ఎక్కడుంది? మొదట అమ్ముడైన 50 మంచి చొక్కాల్లో లేదు. వెనకబడ్డ 35 చొక్కాల్లో ఉంది. అవి మోజు తీరిన సరుకై కదలకపోతే 500 రూపాయల నష్టం. అసలు సంగతి ఇదే. పాత బట్టల వ్యాపారం మంచి బట్ట అమ్మడంతో గెలవదు, మిగిలిన బట్ట కదలడంతో గెలుస్తుంది. కాబట్టి మూట కట్టేటప్పుడే చివర మిగిలేవి ఏవో ఊహించి కొనాలి.

దీనికి వడ్డీ కూడా కలపండి. ఆ 4,000 నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి తెచ్చినదైతే నెలకు 200 కట్టాలి. సరుకు నెలలో పోతే 750 మిగులుతుంది. నాలుగు నెలలు పడితే వడ్డీ 800, మిగిలేది 150. గిరిగిరి అప్పు చేసినవారి సంగతి చెప్పనే అక్కరలేదు. మోజు సరుకుకు కాలమే శత్రువు, వడ్డీకి కాలమే మిత్రుడు. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టకూడదు. మహిళా సంఘాల్లో ఉన్నవారు సంఘం రుణం వైపు చూడటం మేలు. పట్టణాల్లో అమ్ముకునే వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో ‘పీఎం స్వనిధి’ పథకం మొదలైంది. అప్పట్లో తొలి విడత రుణం 10,000 రూపాయలు, 2025లో దాన్ని 15,000కు పెంచారు.

పది పాళ్ల సూత్రం

కొత్తగా దిగేవారు సరుకును పది పాళ్లుగా ఊహించుకోవాలి. అందులో ఆరు పాళ్లు ఏ కాలంలోనైనా నడిచేవి ఉండాలి. అంటే తెల్ల చొక్కాలు, గళ్ల చొక్కాలు, ముదురు రంగు ప్యాంట్లు, నూలు చీరలు, పసిపిల్లల బట్టలు. పిల్లలు బట్ట చిరగకముందే ఎదిగిపోతారు కాబట్టి వారి బట్టలు దాదాపు కొత్తవిగానే మూటలోకి వస్తాయి. వాటికి ఫ్యాషన్‌తో పనిలేదు. చీరకు కొలత బాధ లేదు. చినిగితే లంగా అవుతుంది, గౌను అవుతుంది, చివరికి బొంతలోకి అతుకవుతుంది.

మూడు పాళ్లు కాలాన్ని బట్టి తేవాలి. చలికాలానికి స్వెట్టర్లు, వానకాలానికి త్వరగా ఆరే బట్టలు, పెళ్లిళ్లకు పట్టు, మెరుపు బట్టలు. మిగిలిన ఒక్క పాలే మోజు సరుకు. అది కూడా చవగ్గా దొరికితేనే, వచ్చే పండుగలోగా అమ్మేయగలమన్న నమ్మకం ఉంటేనే.

ఆ ఒక్క పాలు ఎందుకంటారా? అంగట్లో దుప్పటి ముందు మనుషులు ఆగాలి. పైన వేలాడదీసిన రంగురంగుల చొక్కా కుర్రవాళ్లను ఆపుతుంది. ఆగినవారిలో చాలామంది కొనేది దాని కింద ఉన్న గళ్ల చొక్కానే. మోజు సరుకు గిరాకీని పిలుస్తుంది, మామూలు సరుకు ఇల్లు నడుపుతుంది.

బడి యూనిఫారాల్లో ఒక జాగ్రత్త అవసరం. ప్రభుత్వ బడుల పిల్లలకు యూనిఫారం బట్టలు ఉచితంగా అందుతున్నాయి. ప్రైవేటు బడులు ఒక్కోటి ఒక్కో రంగు పెట్టుకున్నాయి. కనుక మన మండలంలో ఏ బడికి ఏ రంగో తెలుసుకోకుండా యూనిఫారాలు కొంటే అవి ఎవరికీ కాకుండా పోతాయి.

పండుగల పంచాంగం

సరుకు ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యం. రంజాన్ నెల చివరి రోజుల్లో చార్మినార్ చుట్టూ బజార్లు తెల్లవార్లూ సాగుతాయి. ఆ నెల చాంద్రమానాన్ని బట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఈద్ 2024లో ఏప్రిల్ 11న వస్తే, 2025లో మార్చి 31న వచ్చింది. పండుగకు కొత్త బట్టలు కొన్న ఇళ్ల నుంచి పాతవి బయటికి రావడం పండుగ దాటాక మొదలవుతుంది. కాబట్టి కొనడానికి పండుగ మర్నాడు మంచిది, అమ్మడానికి పండుగ ముందు వారం మంచిది. దసరా, దీపావళి, సంక్రాంతికీ ఇదే వరస.

మన ఊళ్లలో బతుకమ్మ, దసరా ముందర చీరలకు, పిల్లల బట్టలకు గిరాకీ. జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో తెల్ల చొక్కాలకు గిరాకీ. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. పైగా కొత్త బట్టల దుకాణాలు తగ్గింపు ధరలు ప్రకటిస్తాయి. ఆ నెలలో పాత పెళ్లి బట్టలు అమ్మబోతే చుక్కెదురే. కొని దాచుకోవడానికి మాత్రం అదే అదను.

షేర్వానీ సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. ఒకప్పుడు నవాబుల దర్బారు దుస్తు. ఇప్పుడు ఊరి పెళ్లికొడుకులు కూడా విందుకు షేర్వానీ తొడుగుతున్నారు. అద్దెకు తిరిగి తిరిగి మెరుపు తగ్గిన షేర్వానీలు చివరికి పాత సరుకుగా చేతులు మారతాయి. మాఘం, వైశాఖం రాకముందే వాటిని కొని, ఊడిన పూసలు కుట్టించి, అద్దెకు ఇచ్చుకుంటే అమ్మకం కన్నా మేలు. ఒక్కసారి తొడిగే బట్టను కొనడానికి ఎవరూ ముందుకు రారు, అద్దెకు తీసుకోవడానికి మొహమాటపడరు.

జరీ దగ్గర జాగ్రత్త

ఊళ్లలో ఇల్లాళ్లు ఎక్కువగా నష్టపోయేది పాత పట్టుచీరల విషయంలో. అసలు జరీ అంటే వెండి తీగను పట్టుదారానికి చుట్టి, పైన బంగారు పూత పూసినది. అమ్మమ్మల నాటి కంచి పట్టు అంచుల్లో ఇది కనిపిస్తుంది. 2025లో వెండి కిలో లక్ష రూపాయలకు పైనే పలికింది. అలాంటి అంచు ఉన్న చీరను చిన్న స్టీలు గిన్నెకు ఇచ్చేయడం ఎంత నష్టమో వేరే చెప్పాలా?

అంచు చివర ఒక పోగును గోటితో మెల్లగా గీకి చూడాలి. లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తే అసలు జరీ కావచ్చు. రాగి రంగు తేలినా, ప్లాస్టిక్‌లా సాగినా, తెల్ల దారం కనిపించినా ‘పైన పటారం లోన లొటారం’ అన్నమాటే. గీకితేనే సరి అనుకోకుండా తెలిసిన కంసాలికి చూపించుకోవాలి. రెండు చోట్ల ధర అడగాలి. పేపరులో వచ్చే వెండి ధర చూసుకుని బేరం ఆడాలి.

వ్యాపారికీ ఇందులో ఒక మాట ఉంది. మంచి పాత పట్టుచీరను జరీ కోసం కరిగించడం కంటే చీరగానే అమ్మడం ఒక్కోసారి లాభం. పెద్ద అంచుల పాత పద్ధతి చీరలకు మళ్లీ మోజు వచ్చింది. నడుమ చినిగిన చీర అయినా అంచు, కొంగు బాగుంటే ఆడపిల్లలకు లంగా ఓణీగా కుట్టిస్తున్నారు. కరిగించిన చీర తిరిగి రాదు. ఇచ్చిన ఇల్లాలికి దాని విలువ తెలియదని తెలిసీ గిన్నెతో సరిపెట్టడం వ్యాపారం అనిపించుకోదు.

ఎండలో చూడు, వేడినీళ్లలో ఉతుకు

పాత బట్టను ఎప్పుడూ పగటి వెలుతురులో చూసి కొనాలి. దీపాల వెలుగులో మరకలు, వెలిసిన రంగు కనిపించవు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మోచేతుల దగ్గర, కూర్చునే చోట పలచబడిందో లేదో తెలుస్తుంది. కాలర్ మడత, చంకలు, జిప్పు, కుట్లు - ఈ నాలుగూ తప్పక చూడాలి. ఒకప్పుడు దర్జీలు అరిగిన కాలర్‌ను విప్పి తిరగేసి కుట్టేవారు, చొక్కాకు మరో రెండేళ్ల ఆయుష్షు వచ్చేది. రఫూ చేసేవారు చిరుగు జాడ తెలియకుండా పోగులు అల్లేవారు. ఈ పనులు తెలిసిన మనిషి ఇంట్లో ఒకరున్నా రెండో కుప్ప మొదటి కుప్పలోకి మారుతుంది.

పాత బట్ట అనగానే చాలామందికి గజ్జి భయం, అది పోయినవారి బట్టేమోనన్న శంక. భయం పూర్తిగా నిరాధారం కాదు. గజ్జి పురుగు బట్టల ద్వారా అంటుకునే వీలుంది. అయితే అది మనిషి ఒంటికి దూరంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. తెచ్చిన మూటను వారం రోజులు కట్టి పక్కన పెట్టి, తర్వాత బాగా వేడినీళ్లలో ఉతికి, ఎర్రటి ఎండలో ఆరేస్తే ఆ బెడద ఉండదు. శంక అంటారా, మన ఇళ్లలో పుట్టిన బిడ్డకు మొదట చుట్టేది మెత్తబడ్డ పాత బట్టనే కదా! బాగా ఉతికి ఇస్త్రీ చేసిన బట్ట తన చరిత్ర చెప్పదు.

అసలు పోటీ కొత్త బట్టతోనే

ఈనాడు పాత బట్టకు పెద్ద పోటీ చవక కొత్త బట్ట. పాత చొక్కా ధరకు కాస్త కలిపితే రోడ్డు పక్కనే కొత్త చొక్కా దొరుకుతోంది. పైగా ఆ చవక కొత్త బట్ట నాలుగు ఉతుకులకే సాగి, వెలిసిపోతోంది. అది పాత బజారుకు వచ్చేసరికి చిందీకి తప్ప పనికిరాదు. వెనకటి టెరికాట్ చొక్కా ముగ్గురు అన్నదమ్ములు తొడిగినా చెక్కుచెదరలేదు. ఇప్పటి మూటల్లో అలాంటి బట్ట తగ్గిపోవడమే ఈ వ్యాపారానికి అసలు కష్టం.

మరోవైపు పట్నంలో చదువుకున్న పిల్లలు పాత బట్టలను ఏరి, ఫోటోలు తీసి, ఫోన్‌లోనే అమ్ముతున్నారు. వాళ్లు దాన్ని ‘థ్రిఫ్ట్’ అంటున్నారు. పాత జీన్స్‌కు, వదులు చొక్కాలకు వాళ్ల దగ్గర మంచి ధరే పలుకుతోంది. పాత బట్ట తొడగడం నామోషీ అన్న భావం పోతున్నదనడానికి ఇదొక గుర్తు. అయితే ఆ ధరలు చూసి ఊరి అంగడికి మూట కట్టకూడదు. అక్కడ కొనేవారు షోకుకు కొంటారు, ఇక్కడ కొనేవారు అవసరానికి కొంటారు.

అవసరానికి కొనేవారికి తమ బట్ట పాతదని ఎవరూ గుర్తించకూడదన్న ఆశ ఉంటుంది. కూలి డబ్బుల్లోంచి నూట యాభై తీసి బిడ్డకు పండుగ బట్ట కొనే తల్లి అడిగేది ఫ్యాషన్ కాదు. పది మందిలో బిడ్డ తల దించుకోకుండా ఉండే బట్ట. అందుకే రంగు వెలవనిది, గుండీ ఊడనిది, అలాగని మరీ పాతకాలపుది కానిది ఏరి తెచ్చిన వ్యాపారి దుప్పటి దగ్గరికే ఆమె మళ్లీ వస్తుంది.

పట్నం వెళ్లి మూట కట్టే ప్రతి బట్టకూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది మా ఊళ్లో ఎవరు తొడుగుతారు? వచ్చే పండుగలోగా పోతుందా? పోకపోతే దీన్ని దేనిగా మార్చగలను? మూడింటికీ జవాబు ఉన్న బట్ట మూటలోకి వెళ్లాలి. లేనిది ఎంత మెరిసినా, ఏ హీరో తొడిగినదైనా, ఆ కుప్పలోనే వదిలి రావాలి.